తప్పు ఒకరిది, బిల్లు ఇంకొకరిది

సంపాదకుల వారికి నమస్కారం.

డెమోక్రటిక్ సోషలిస్టునని చెప్పుకునే జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ మేయర్‌గా గెలిచినప్పటి నుంచి మీ పత్రికలో అమెరికా సోషలిజం గురించి వరసగా వ్యాసాలు వస్తున్నాయి. ఒక్కటీ వదలకుండా చదివాను. ఉచిత బస్సులు, అద్దెల పెంపు నిలిపివేత, నగరమే నడిపే కిరాణా దుకాణాలు, 2030 కల్లా గంటకు 30 డాలర్ల కనీస వేతనం అంటూ ఆయన ఇచ్చిన హామీలన్నీ రాశారు. వీటికయ్యే ఖర్చు ఎవరి మీద పడుతుందో, లెక్క తప్పితే నష్టపోయేది ఎవరో మాత్రం ఏ వ్యాసంలోనూ కనిపించలేదు. ఆ ఖర్చు మోస్తున్నవాళ్లలో ఒకడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మన్నించండి.

నాది కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో. కాలిఫోర్నియా అంటే మనవాళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కో, సిలికాన్ వ్యాలీ గుర్తొస్తాయి. మా ఊరు అక్కడికి మూడు గంటల దూరంలో, సెంట్రల్ వ్యాలీ మధ్యలో ఉంటుంది. చుట్టూ బాదం తోటలు, ద్రాక్ష తోటలు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 1996లో చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. 2003 నుంచి ఒక శాండ్‌విచ్ షాపు నడుపుతున్నాను. ఫ్రాంచైజీ షాపు కాబట్టి బోర్డు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది. లీజు మీద, అప్పు కాగితాల మీద ఉండేది మాత్రం నా పేరు, నా భార్య పేరు.

నేను మొదటి నుంచీ ఇలా ఆలోచించేవాణ్ని కాను. పౌరసత్వం వచ్చాక నేను ఓటేసిన మొదటి అధ్యక్ష ఎన్నిక 2008లో జరిగింది. అదే బ్యాలెట్ మీద ప్రొపోజిషన్ 1ఏ కూడా ఉంది. హైస్పీడ్ రైలు కోసం 995 కోట్ల డాలర్ల బాండ్లు తెద్దామా అన్నది ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్‌ఏంజెలెస్‌కు 2 గంటల 40 నిమిషాల్లో వెళ్లొచ్చని, మొత్తం ఖర్చు దాదాపు 3,300 కోట్ల డాలర్లని, 2020 కల్లా రైలు నడుస్తుందని చెప్పారు. అది మా ఊరి మీదుగా పోతుంది. సంతోషంగా అవునని ఓటేశాను. రైళ్లు చూస్తూ పెరిగినవాణ్ని కదా.

2015 జనవరిలో మా ఫ్రెస్నోలోనే శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ఊరికి దక్షిణాన 99వ నంబర్ హైవే మీద సీడర్ వయాడక్ట్ అని పెద్ద వంతెన ఉంది. తెల్లటి కమానులతో చూడముచ్చటగా ఉంటుంది. సరుకు కోసం వెళ్లినప్పుడల్లా దాని కిందనుంచే పోతాను. దాని మీద ఇంతవరకు ఒక్క ప్రయాణికుడూ పోలేదు. మొత్తం మార్గానికి అంచనా 10,000 కోట్ల డాలర్లు దాటింది. ముందుగా మెర్సెడ్ నుంచి బేకర్స్‌ఫీల్డ్ వరకు 171 మైళ్లు పూర్తి చేస్తామంటున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు గానీ లాస్‌ఏంజెలెస్‌కు గానీ ఎప్పుడు చేరుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు.

డబ్బు వృథా అయిందన్న బాధ ఉంది. దానికన్నా నన్ను మార్చింది ఇంకో విషయం. అంచనా మూడింతలు దాటినందుకు ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చినవాళ్లు ఆ నిర్ణయాలు చేసినవాళ్లలో ఎవరున్నారు? నా షాపులో నేను ఒక వారం బ్రెడ్ ఆర్డర్ ఎక్కువ పెడితే ఆ నష్టం శనివారానికల్లా నా జేబులో తెలుస్తుంది. తర్వాతి వారం ఆ తప్పు చెయ్యను. ప్రభుత్వంలో లెక్క తప్పితే మరింత బడ్జెట్ అడుగుతారు. మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న మాట పక్కన పెట్టండి. ఎంత మంచివాళ్లయినా తమ తప్పు తమకు తగలనప్పుడు నేర్చుకోరు. సోషలిజం మీద నా అభ్యంతరం ఇదే. బతుకులో ఒక్కొక్క పనీ తీసుకెళ్లి, తప్పు చేసినా దెబ్బ తగలనివాళ్ల చేతుల్లో పెట్టడమే అది.

ఇక నా షాపు లెక్క చెబుతాను. 2024 ఏప్రిల్ 1 నుంచి కాలిఫోర్నియాలో ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో కనీస వేతనం గంటకు 20 డాలర్లు అయింది. మిగతా అందరికీ అప్పట్లో 16. దేశం మొత్తం మీద 60 లేదా అంతకన్నా ఎక్కువ షాపులున్న బ్రాండ్లకు ఇది వర్తిస్తుంది. బ్రాండ్‌కు వేల షాపులున్నాయి, నాకున్నది ఒక్కటే. చట్టం దృష్టిలో నేనూ పెద్ద కంపెనీనే. మా వీధిలోనే సొంతంగా నడుపుకునే హోటల్‌కు అప్పుడు 16, నాకు 20. సొంతంగా రొట్టె చేసి విడిగా అమ్మే బేకరీలకు చట్టంలోనే మినహాయింపు పెట్టారు. మా ఓవెన్‌లో కూడా రోజూ తెల్లవారుజామున బ్రెడ్ కాలుతుంది. కానీ పిండి ముద్దలు బయటి నుంచి ఫ్రీజ్ చేసి వస్తాయి కాబట్టి మాకు వర్తించదు. తర్వాత ఎయిర్‌పోర్టులు, బస చేసే హోటళ్లు, థీమ్ పార్కుల్లో ఉన్నవాటికి కూడా మినహాయింపు ఇచ్చారు. రాజధాని శాక్రమెంటోలో తమ తరఫున మాట్లాడేవాళ్లు ఉన్నవాళ్లకు దారి దొరికింది. నాకు అక్కడ ఎవరున్నారు?

మా దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఒక మెక్సికన్ ఆవిడ ఉంది. ఉదయం షిఫ్ట్ ఆవిడదే. ఓవెన్ వేడెక్కిందో లేదో చెయ్యి దగ్గర పెట్టి చెప్పేస్తుంది. చట్టం రాకముందు ఆవిడకు గంటకు 17 డాలర్ల 50 సెంట్లు ఇచ్చేవాణ్ని. వారానికి 38 గంటలు, అంటే 665 డాలర్లు. 20 డాలర్లు అయ్యాక అందరి గంటలూ తగ్గించక తప్పలేదు. ఆర్డర్లు తీసుకోవడానికి రెండు కియోస్కులు పెట్టాను. ఆవిడకు వారానికి 29 గంటలు మిగిలాయి, అంటే 580 డాలర్లు. జీతం పెరిగిందని టీవీలో చెప్పారు, ఆవిడ చేతికి వచ్చే చెక్కు 85 డాలర్లు తగ్గింది. ఇప్పుడు సాయంత్రాలు ఒక లాండ్రీలో పనిచేస్తోంది. అంతకుముందు సాయంత్రాలు మనవడి దగ్గర ఉండేది.

ఈ చట్టం వల్ల ఉద్యోగాలు పోలేదని కొందరు ప్రొఫెసర్లు, పోయాయని ఇంకొందరు అధ్యయనాలు రాశారు. రాష్ట్రం మొత్తం సంగతి వాళ్లు తేల్చుకుంటారు. పేరోల్ పుస్తకం నా ముందుంది, అందులో ఉన్నదే చెబుతున్నాను. శాండ్‌విచ్ ధర డాలరున్నర పెంచాను. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే కాలేజీ పిల్లలు చాలావరకు రావడం మానేశారు. కూలివాళ్లకు ఎక్కువ ఇవ్వకూడదని నేననను. ఎక్కువ ఇవ్వాలంటే ఆ డబ్బు ఎక్కడినుంచో రావాలి. చట్టం చేసినవాళ్లు ఒక్క సెంటు కూడా ఇవ్వలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది అమెరికాలో ఉన్న మనవాళ్లకు కూడా ఎక్కువమందికి తెలియదు. కొవిడ్ సమయంలో నిరుద్యోగ భృతి చెల్లించడానికి కాలిఫోర్నియా ఫెడరల్ ప్రభుత్వం దగ్గర అప్పు తెచ్చింది. చాలా రాష్ట్రాలు తెచ్చాయి, దాదాపు అన్నీ తీర్చేశాయి. కాలిఫోర్నియా అప్పు మాత్రం ఇప్పటికీ దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఉంది. రాష్ట్రం అప్పు తీర్చకపోతే రూలు ఏమిటంటే, ఆ రాష్ట్రంలోని యజమానుల మీద ఒక్కో ఉద్యోగికి ఏటా 21 డాలర్ల చొప్పున ఫెడరల్ పన్ను పెరుగుతూ పోతుంది. 2022కు 21 డాలర్లు, ఆ తర్వాత 42, ఆ తర్వాత 63, 2025కు 84. ఫాస్ట్‌ఫుడ్‌లో మనుషులు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి గత ఏడాది నా పేరోల్‌లో మొత్తం 22 మంది ఉన్నారు. జనవరి చివర్లో ఒక్క ఈ అదనపు పన్ను కిందే 1,848 డాలర్లు కట్టాను. నేను చెయ్యని అప్పు అది.

2022లో ఇదే రాష్ట్రానికి 9,750 కోట్ల డాలర్ల మిగులు ఉందని గవర్నర్ గావిన్ న్యూసమ్ ప్రకటించారు. దాంతో ఆ అప్పు తీర్చెయ్యలేదు. ఎన్నికల సంవత్సరం కదా, ఇళ్లకు చెక్కులు పంపారు. నాకూ వచ్చింది. అదే కొవిడ్ కాలంలో నిరుద్యోగ భృతిలో దాదాపు 2,000 కోట్ల డాలర్లు మోసగాళ్ల పాలయ్యాయని రాష్ట్రమే ఒప్పుకుంది. జైళ్లలో ఉన్న ఖైదీల పేర్ల మీద వేల దరఖాస్తులకు డబ్బు వెళ్లింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ మోసం లెక్క, ఆ అప్పు లెక్క ఒకటి కావు. మోసంలో ఎక్కువ భాగం ఫెడరల్ పథకం డబ్బు. రెండూ చూసిన అదే ప్రభుత్వం, అందరి వైద్యమూ మేమే చూస్తాం, ఇళ్ల అద్దెలూ మేమే చూస్తాం అంటే నేనెలా నమ్మాలి?

మా ఫ్రెస్నో కథ ఇంకొకటి ఉంది. ఆగస్టు చివర్లో ఇక్కడ ద్రాక్ష గుత్తులు కోసి, తీగల వరసల మధ్య నేల మీద కాగితం పరిచి ఎండబెడతారు. ఎండుద్రాక్ష అలాగే తయారవుతుంది. కారులో పోతుంటే తియ్యటి వాసన వస్తుంది. నా షాపుకు వచ్చే ఒక ఆర్మీనియన్ ముసలాయన దాని వెనకున్న చట్టం గురించి చెప్పేదాకా నాకేమీ తెలియదు. రూజ్వెల్ట్ కాలంలో, 1937లో వచ్చిన చట్టం కింద 1949లో ఒక ఉత్తర్వు పెట్టారు. ధర పడిపోకుండా ఉండాలంటే రైతు పంటలో కొంత భాగం ప్రభుత్వ కమిటీకి అప్పగించాలి. ఎంత భాగమన్నది కమిటీ ఏటా చెబుతుంది. 2002–03 పంటలో 47 శాతం అడిగారు. తర్వాతి ఏడాది 30 శాతం అడిగారు, దానికి రైతుకు ఒక్క డాలరూ రాలేదు.

మా జిల్లాలోని మార్విన్ హోర్న్ కుటుంబం ఇవ్వమంది. ఒకరోజు ఉదయం ఎనిమిది గంటలకు ప్రభుత్వ లారీలు వచ్చాయి, వాళ్లు లోపలికి రానివ్వలేదు. దానికి వేసిన జరిమానా, పంట విలువ కలిపి దాదాపు 6,80,000 డాలర్లు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2015 జూన్‌లో, రైతు కష్టపడి పండించి ఎండబెట్టిన సరుకును ఊరికే తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఎనిమిదిమంది తేల్చారు. ఆ ఉత్తర్వు రైతు మంచికనే పుట్టింది. దాని పేరులో సోషలిజం అన్న మాట ఎక్కడా లేదు. మంచి చేద్దామని మొదలైన అధికారం యాభై ఏళ్లు దాటాక రైతు గుమ్మం ముందుకు లారీ పంపింది. ఆర్మీనియన్ ముసలాయన ఎన్నో ఏళ్లు మాట్లాడకుండా తన వాటా అప్పగించాడు. "కోర్టుకు వెళ్లే డబ్బు, ధైర్యం నాకు లేవు" అన్నాడు నాతో. ఆయన పోయి నాలుగేళ్లయింది.

నేను ప్రభుత్వమే వద్దనే మనిషిని కాను. 2016లో షాపు వంటగదిలో మంటలు లేస్తే ఫైర్ ఇంజన్ ఏడు నిమిషాల్లో వచ్చింది. ఆ రోజు నేను కట్టిన పన్నులు ఒక్కటీ బరువనిపించలేదు. రోడ్లు, పోలీసులు, కోర్టులు, లైబ్రరీలు కావాలి. ముసలివాళ్లకు 1935 నాటి సోషల్ సెక్యూరిటీ, 1965 నాటి మెడికేర్ ఉన్నాయి. వాటిని పీకెయ్యమని నేననను. వాటి లెక్కలు ముందు సరిచెయ్యండి, ఆ తర్వాత కొత్తవి మొదలుపెట్టండి అంటున్నాను. దేశం అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. దాని వడ్డీ ఇప్పుడు సైన్యం ఖర్చును మించిపోయింది. ఇందులో నేను ఓటేసే రిపబ్లికన్ల పాపం కూడా సగం ఉంది. ఆ మాట దాచడం నాకిష్టం లేదు.

సోషలిస్టుగా పేరున్న సెనేటర్ బెర్నీ శాండర్స్ గురించి మీ వ్యాసాల్లో చాలా గౌరవంగా రాశారు. ఆయన సొంత రాష్ట్రం వర్మాంట్‌లో ఏం జరిగిందో రాయలేదు. 2011లో అక్కడ అందరికీ ప్రభుత్వమే వైద్యబీమా ఇచ్చేలా చట్టం చేశారు. మూడేళ్లు లెక్కలు వేశారు. యజమానులు జీతాల మీద 11.5 శాతం, కుటుంబాలు ఆదాయంలో 9.5 శాతం వరకు కొత్త పన్ను కట్టాలని తేలింది. 2014 డిసెంబర్‌లో డెమోక్రాట్ గవర్నర్ పీటర్ షమ్లిన్ దాన్ని ఆపేశారు. ఆయన్ని నేను గౌరవిస్తాను. ఖర్చు ఎంతవుతుందో ముందుగానే జనం ముందు పెట్టాడు. మిస్సోరీలోని కాన్సస్ సిటీలో నగరం సొంత స్థలంలో, నగరం డబ్బుతో 2018లో తెరిచిన కిరాణా దుకాణం 2025 ఆగస్టులో మూతపడింది. చివరి నెలల్లో అరల్లో సరుకే లేదు. న్యూయార్క్‌లో అలాంటివి అయిదు పెడతామంటున్నారు.

అద్దెల గురించి కూడా ఒక మాట. యువత బాధ నాకు తెలుసు. మా అబ్బాయి శాన్‌హోసేలో జీతంలో దాదాపు సగం అద్దెకే కడుతున్నాడు. కానీ కాలిఫోర్నియాలో ఇళ్లు ఎందుకు చాలవు? 1970 నాటి పర్యావరణ చట్టాన్ని పట్టుకుని ఎవరైనా, ఏ అపార్టుమెంటునైనా ఏళ్ల తరబడి కోర్టులో ఆపగలిగారు. ఆ చట్టం మీద సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్, మావాళ్ల ఆరాధ్యుడు. మంచి ఉద్దేశంతోనే పెట్టాడు. 2025 జూన్‌లో ఊళ్ల మధ్య కట్టే ఇళ్లకు మినహాయింపు ఇస్తూ న్యూసమ్ కొత్త చట్టం తెచ్చారు. మంచి పనే చేశారు, అభినందించాలి. కానీ 55 ఏళ్లు పట్టింది. ముందు కట్టనివ్వకుండా, తర్వాత అద్దె పెంచావంటూ యజమానిని దొంగలా చూస్తే కొత్త ఇళ్లు ఎవరు కడతారు?

నాకూ ఇలాంటిదే ఒకటి జరిగింది. రెండో షాపు పెడదామని పక్క ఊళ్లో స్థలం లీజుకు తీసుకున్నాను. ప్లాన్ పరిశీలించే ఆఫీసులో చేతులు కడుక్కునే సింకు నాలుగు అంగుళాలు జరపమన్నారు, జరిపించాను. తర్వాత వచ్చిన ఇంకొక అధికారి దాన్ని మళ్లీ మొదటి చోటికే తెమ్మన్నాడు. ఆ తర్వాత వంటగది జిడ్డు కాలువలోకి పోకుండా పట్టే గ్రీజ్ ట్రాప్ సైజు చాలదన్నారు. పదకొండు నెలలు నెలకు 4,200 డాలర్ల చొప్పున ఖాళీ గదికి అద్దె కట్టాను. మొత్తం 46,200. నా భార్య రాత్రుళ్లు నిద్రపోయేది కాదు, అంత టెన్షన్. చివరికి వదిలేశాం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ప్రతిసారీ మర్యాదగానే మాట్లాడింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆ పదకొండు నెలలూ ఆఫీసులో అందరి జీతాలూ వచ్చాయి. పన్నెండు మందికి రావాల్సిన ఉద్యోగాలు రాలేదు. ఆ పన్నెండు మంది ఎవరో ఎవరికీ తెలియదు, కాబట్టి వాళ్ల గురించి ఏ పత్రికా రాయదు.

పిల్లల చదువు సంగతి మన తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ బళ్లలో 2014 నుంచి ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా తీసేశారు. కొందరు ముందుకు పోతే మిగతావాళ్లు వెనకబడుతున్నారని, అందరూ తొమ్మిదిలోనే నేర్చుకోవాలని పెట్టారు. డబ్బున్నవాళ్లు బయట ఫీజులు కట్టి నేర్పించుకున్నారు. లేనివాళ్ల పిల్లలు ఆగిపోయారు. పదేళ్ల తర్వాత, 2024 మార్చిలో, ఆల్జీబ్రా తిరిగి పెట్టాలని ఓటర్లు భారీ మెజారిటీతో చెప్పారు. అమెరికాలో అంతకన్నా లెఫ్ట్ ఊరు దొరకడం కష్టం. అక్కడి తల్లిదండ్రులే చెప్పారు.

ఈ ఉత్తరం వేస్తారో లేదో మీ ఇష్టం. ఇకముందు ఇలాంటి హామీల గురించి రాసేటప్పుడు, ఆ లెక్క తప్పితే ఎవరి జేబులోంచి పోతుందో కూడా కనుక్కుని రాయమని మీ విలేఖరులను కోరుతున్నాను.

ఫాస్ట్‌ఫుడ్ వేతనాన్ని ఏటా 3.5 శాతం వరకు పెంచే అధికారం ఉన్న కౌన్సిల్ ఒకటి ఇక్కడ ఉంది. ఈ ఏడాది ఏం చేస్తారో చూడాలి. పోయిన వారం షాపు తెరిచేటప్పుడు ఆ మెక్సికన్ ఆవిడ నన్ను పక్కకు పిలిచి, వేసవిలో తన గంటలు తిరిగి ఇవ్వగలనా అని అడిగింది. లాండ్రీ పని మానేసి మనవడి దగ్గర ఉండాలనుంది తనకు. చూసి చెబుతానన్నాను. మూడు రాత్రులుగా పేరోల్ పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నాను, ఇంకా ఆ గంటలు ఎక్కడినుంచి తేవాలో దొరకలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రెస్నో, కాలిఫోర్నియా